మా తాత వంతు

సిరిసిల్లలో మా అమ్మానాన్నల రెండు గదుల స్లాబు ఇంటికి సున్నం కొట్టడం అయ్యేసరికి సకలజనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. నేను జగిత్యాలలో సర్కారు బడి టీచర్ని. మేమూ సమ్మెలోనే ఉన్నాం కనుక పొద్దున టెంటు కింద కూర్చుని నినాదాలివ్వడం, మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుని ఇంటికి రావడం, ఇదే నా ఉద్యోగం. ఏడాదంతా పిల్లల మీద అరిచినా పోని గొంతు ఆ నెలలో ఎందుకు పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు. అలాంటి ఒక మధ్యాహ్నం అమ్మ ఫోను చేసింది. ఇల్లు బాగానే కుదిరింది గానీ తాను మాత్రం అందులో అడుగు పెట్టేది లేదని చెప్పింది.

నేను కారణం అడగలేదు. మా అమ్మ కారణం అడిగితే చెప్పదు, అడగకపోతే ఫోనులో పైసలు అయిపోయేదాకా చెబుతుంది. ఈసారి కూడా అదే జరిగింది.

మాది కల్లు గీసే కులం. మా నాన్న మాత్రం చెట్టు పేరు చెబితేనే కళ్లు తిరిగే మనిషి కాబట్టి, చిన్నప్పుడే సిరిసిల్లకు వచ్చి మరమగ్గాల షెడ్డులో చేరాడు. వృత్తి పోయినా ఇంట్లో పద్ధతులు పోలేదు. కొత్త ఇంట్లోకి పోయే రోజు ఇల్లాలికి తల్లిగారు, అంటే పుట్టింటివాళ్లు, ఒడిబియ్యం పోయాలి. అన్నో తమ్ముడో చీర తెచ్చి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె బట్ట ఆమె ఒడిలో పోస్తారు. ఆమె అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి తిరిగి వాళ్లకే ఇస్తుంది, తాను పుట్టిన ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండాలని. మా దిక్కు ఆడవాళ్లు మెడలో బంగారం లేకపోయినా సర్దుకుంటారు గానీ, ఒడిబియ్యం పోసే చెయ్యి లేకపోతే నలుగురిలో చిన్నబోతారు. మా అమ్మకు ఆ చెయ్యి లేదు.

ఆమె తండ్రి, అంటే మా తాత, పెళ్లి కాకముందే ఎక్కడి నుంచో ఒంటరిగా ఎల్లారెడ్డిపేట దగ్గరి ఊరికి వచ్చి చెట్లు గీశాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. అమ్మ చిన్నపిల్లగా ఉండగానే అమ్మమ్మ జబ్బు చేసి పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు తాత తాటిచెట్టు మీది నుంచి పడి పోయాడు. అమ్మను వాళ్ల పెద్దమ్మ సాకింది. ఆ పెద్దమ్మ కొడుకే ఇన్నేళ్లూ అన్న స్థానంలో నిలబడి ఒడిబియ్యం పోస్తూ వచ్చాడు. మంచి మనిషి. కానీ నా పెళ్లిలో ఆయన బియ్యం పోస్తుంటే మా మేనత్త పక్కనున్నామెతో, మా వదినెకు కిరాయి తల్లిగారు దొరికిండ్లు అని నవ్వింది. అత్త నోటికి తాళం లేదు, మనసులో విషమూ లేదు. అనేసిన పదినిమిషాలకే ఆమె మరిచిపోయింది. అమ్మ మాత్రం ఆ మాటను మూట గట్టి దాచుకుంది.

ఇప్పుడు ఆ మూట విప్పింది. సొంత ఇల్లు కట్టుకుని కిరాయి తల్లిగారితో లోపలికి పోనని, తన తండ్రి ఇంటి మనిషి వచ్చి పోస్తేనే గడప దాటుతానని చెప్పింది. తాత ఇల్లు ఎక్కడుందని అడిగితే, కోరుట్ల దిక్కు అయి ఉంటుందని అంది. ఎందుకంటే ఆయన ఏ బజారు చూసినా కోరుట్ల బజారు ముందు ఇదెంత అనేవాడట. ఆ ఒక్క ముక్క పట్టుకుని వెతకాలి. నాకు కోపం వచ్చింది. ఫోను పెట్టేసే ముందు అమ్మ గొంతు తగ్గించి తన తండ్రి గురించి ఒక మాట అంది.

"మా బాపును ఆళ్లు ఎల్లగొట్టిండ్లో, మా బాపే ఇడిశిపెట్టి అచ్చిండో, గదొక్కటి తెలిస్తె సాలు బిడ్డ."

అరవైకి దగ్గర పడుతున్న మనిషి గొంతులో అంత చిన్నపిల్ల ఉంటుందని నేను అనుకోలేదు. నా కోపం అక్కడే పోయింది.

మా కులానికి కథ చెప్పే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. పొడవాటి బట్ట మీద బొమ్మలు గీసిన పటం విప్పి, ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ కుల పురాణం చెబుతారు. చివర్లో ఊళ్లోని ఇళ్ల వంశాలు వరుసగా పలుకుతారు. ఏ ఊరు ఏ కుటుంబం వంతో వాళ్ల తాతలే పంచుకున్నారు. ఒకరి వంతు ఊళ్లోకి ఇంకొకరు పోరు. కొన్నేళ్లకోసారి వాళ్లు వచ్చినప్పుడు ఒక్కొక్క ఇల్లు ఇచ్చే వడ్లను, బట్టను త్యాగం అంటారు. త్యాగం ఇచ్చినవాళ్ల పేరే కథలో పలుకుతుంది, అన్నదమ్ములైనా ఎవరి వంతు వాళ్లే ఇవ్వాలి. ఈ కుటుంబాలన్నీ కలిసి జగిత్యాలలో ఒక సంఘం పెట్టుకున్నాయని మా సమ్మె టెంటులో ఎవరో చెప్పారు. మరునాడు నినాదాలు మిగతావాళ్లకు అప్పగించి అక్కడికి పోయాను.

సంఘం ఆఫీసు అంటే ఒక ఫ్లెక్సీల దుకాణం వెనక గది. దుకాణం, గది, సంఘం మూడింటికీ ఒక్కడే పెద్ద. కథకుల ఇంట్లో పుట్టి ఫ్లెక్సీలు అచ్చు వేసుకుంటున్న నడివయసు మనిషి. ఉద్యమం పుణ్యమా అని ఆయనకు ఊపిరాడని పని ఉంది. గది నిండా చుట్టలు చుట్టిన ఫ్లెక్సీలు, వాటి మధ్యలోనే పెట్టెలో పాత పటాలు. నాకు వంశాల పటం ఎలా ఉంటుందో చూపిస్తానని గర్వంగా ఒక చుట్ట తీసి విప్పాడు. పిడికిళ్లు బిగించిన జనమూ, జై తెలంగాణ అక్షరాలూ బయటపడ్డాయి. ఇంకోటి విప్పాడు. అదీ అంతే. అయితే మరి నిన్న ఆర్డీవో ఆఫీసు ముందు టెంటుకు కట్టడానికి ఏది పంపానని ఆయన తనలో తాను అనుకుంటూ ఫోను అందుకున్నాడు. ఆ రోజు ధర్నాలో వెనక ఏ ఫ్లెక్సీ కట్టారో, ఎవరి కులదేవత కింద కూర్చుని ఎవరు ఉపన్యాసం ఇచ్చారో నేను అడగలేదు.

ఆ పని చక్కబడ్డాక నా సంగతి విన్నాడు. పుట్టినూరు, ఇంటిపేరు ఉంటే చాలన్నాడు. పుట్టినూరు తెలియదన్నాను. అమ్మకు తెలిసిన ఇంటిపేరు, తాత బతికిన ఊరు చెప్పాను. ఇంటిపేరు ఇక్కడ రాయను, ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది. ఆయన అక్కడికక్కడే రెండు ఫోన్లు చేసి, ఎల్లారెడ్డిపేట వైపు ఊళ్లు వంతుగా ఉన్న కథకుణ్ణి సిరిసిల్ల పొమ్మని చెప్పాడు. మీ తాతను మాత్రమే కాదు, ఆయన ముత్తాతకు ముత్తాతను కూడా పట్టుకొస్తాం అని నాకు హామీ ఇచ్చాడు. గిరాకీకి ఫ్లెక్సీ సాయంత్రానికల్లా ఇస్తానని చెప్పే గొంతే అది, అందుకని నేను సగమే నమ్మాను.

చెప్పిన రోజుకు నేను స్కూటీ మీద సిరిసిల్ల పోయాను, కథకుడూ వచ్చాడు. సన్నగా, పెద్ద మీసాలతో, మోటారు సైకిలుకు పటం అడ్డంగా కట్టుకుని. అమ్మానాన్నలు అప్పటికింకా పాత కిరాయి ఇంట్లోనే ఉన్నారు. వాకిట్లో బట్టలారేసే తీగకు పటం వేలాడదీసి, భూమీ ఆకాశమూ పుట్టక ముందు ఏముండేదో అక్కడ మొదలుపెట్టాడు. దేవతలు వచ్చారు, రాక్షసులు వచ్చారు, మొదటి తాటిచెట్టు మొలిచింది. మా నాన్న గోడకు ఆనుకుని హాయిగా నిద్రపోయాడు. అమ్మ మాత్రం కూర్చోలేక, నిలబడలేక, చివరికి ఆయన్ను ఆపి అడిగింది.

"అయ్యా, మా బాపు సంగతి కావాలె నాకు. జర కింది నుంచి సదువు."

"కింది నుంచి చెట్టు ఎక్కుతరు గని వంశం ఎక్కరు అవ్వా. పైనుంచి దిగుడే," అన్నాడాయన. అంతటితో ఆగలేదు. మధ్యలో ఆపితే తెగిపోతుందని చెప్పి, మళ్లీ భూమీ ఆకాశమూ లేని దగ్గరికి పోయాడు. అమ్మ చేసేది లేక కింద కూర్చుంది. నాన్న ఒకసారి మెలకువ వచ్చి చూసి, ఇంకా ఇక్కడే ఉన్నారా అని మళ్లీ పడుకున్నాడు.

పొద్దు వాలేసరికి కథ అమ్మకు తెలిసిన ఇంటిపేరు దగ్గరికి దిగింది. తాతలు, కొడుకులు, మనుమలు అందరూ వచ్చారు. చివరి మనిషి దాకా పలికి ఆయన దణ్ణం పెట్టాడు. ఆ వరుసలో మా తాత పేరు లేదు. అమ్మ తన తండ్రి పేరు చెప్పి మళ్లీ చూడమంది. ఆ ఇంట్లో ఆ పేరు గలాయన పుట్టనే లేదని కథకుడు చెప్పాడు. అమ్మ ముఖం చూడలేకపోయాను. ఉన్న ఒక్క ఇంటిపేరు కూడా ఆమెది కాదని తేలిపోయింది.

కథకుడే సంగతి విడదీశాడు. చెట్లు ఊళ్లోని గీతకాండ్ల ఇళ్ల మధ్య వంతులుగా ఉంటాయి. బయటి నుంచి వచ్చినవాడికి వంతు ఉండదు. ఎవరో ఒకరు తమ వంతులో నాలుగు చెట్లు ఇస్తే గీసుకుంటాడు. కల్లు ఎవరి వంతులో దిగితే వాడు ఆ ఇంటివాడే అన్నట్టు జనం పిలుస్తారు. మా తాతను అలా పిలిచారు, ఆయన కాదనలేదు, బిడ్డకు అదే ఇంటిపేరు అయింది. ఇన్నాళ్లూ మేము వెతికింది చెట్లిచ్చిన ఆయన వంశాన్ని. మా నాన్న అప్పటికి పూర్తిగా మేల్కొని, అయితే నేను వేరే ఇంటి పిల్లను చేసుకున్ననా అని అడిగాడు. ఎవరూ నవ్వకపోయేసరికి చాయ పెట్టడానికి తానే లేచాడు.

ఆయన వంటింట్లోకి పోవడం చూసి కథకుడు ఇంకో ప్రశ్న వేశాడు. ఇంటిపేరు పోయినా ఇంటి పద్ధతి పోదని, మీ తండ్రి దేవతకు ఎలా చేసేవాడో ఏమైనా గుర్తుందా అని అడిగాడు. అమ్మకు ఒక్కటే గుర్తుంది. ఎల్లమ్మకు బోనం వాళ్ల నాన్నే వండేవాడట. పొయ్యి దగ్గర నిలబడి, చెమటలు కారుతున్నా కదలకుండా కుండనే చూస్తూ ఉండేవాడట. ఎవరు పిలిచినా పలికేవాడు కాదట. అమ్మమ్మకు ఒంట్లో బాగుండేది కాదు కనుక ఆయన వండేవాడని అమ్మ అనుకునేది. ఊళ్లో గీతకాండ్లు ఆడంగోడని ఎగతాళి చేస్తుంటే ఆమెకు సిగ్గు వేసేదట. ఇప్పుడు చెబుతూ చెబుతూ నవ్వేసింది. కథకుడు తన వంతు ఊళ్లలో అలాంటి ఇల్లు లేదని, కోరుట్ల వైపు వాళ్లను అడగాలని చెప్పి పటం చుట్టుకున్నాడు.

నేను ఫ్లెక్సీల ఆయనకు ఫోను చేశాను. కోరుట్ల, కథలాపూర్ వైపు ఊళ్లు వంతుగా ఉన్న ముసలి కథకుడు బస్సులు లేకుండా సిరిసిల్ల దాకా రాలేడని, కానీ గురువారం కోరుట్ల రోడ్డు మీద మన కులం వంతు అని, ఆయన్ను అక్కడ పట్టుకోవచ్చని చెప్పాడు. ఆ రోజుల్లో రోడ్డు కూడా వంతులు వేసుకున్నదే. ఒకరోజు మంగలివాళ్లు రోడ్డు మీద గడ్డాలు గీసేవాళ్లు, ఒకరోజు చాకలివాళ్లు ఇస్త్రీ చేసేవాళ్లు, ఒకరోజు అందరూ కలిసి అక్కడే పొయ్యిలు పెట్టి వంటావార్పు. మా కులం రోజున గీతకాండ్లు చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, నడుముకు గీత కత్తుల ముస్తాదు బిగించుకుని, కల్లు లొట్లతో సహా వచ్చి బైఠాయించాలని తీర్మానం.

బస్సులు లేవు కనుక అమ్మను నా స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. ఆమె జీవితంలో ఎప్పుడూ స్కూటీ ఎక్కలేదు. వేములవాడ దాటేదాకా నా భుజం మీద గోళ్లు దించింది, ఆ తర్వాత రోడ్డు పక్క ప్రతి ఊరి పేరూ చదవమని ప్రాణం తీసింది. ప్రతి ఊరి దగ్గరా ఇదేనేమో అంటుంది. దారిలో ఎక్కడ రోడ్డు ఆపినా నేను జై తెలంగాణ అనేదాన్ని, వెనక నుంచి అమ్మ ఇంకా గట్టిగా అనేది, వాళ్లు తాడు దించేవాళ్లు.

కోరుట్ల దగ్గర రోడ్డు మొత్తం మావాళ్లే. మోకులు, లొట్లు, టెంటు, మైకు. ఒక పక్కన నాలుగైదు పెద్ద పొయ్యిలు. వంట మగవాళ్లే చేస్తున్నారు, కానీ చాలామందికి గరిటె పట్టుకోవడం రావడం లేదని దూరం నుంచే తెలుస్తోంది. అమ్మకు అది చూస్తూ ఊరుకోవడం చేత కాదు. కథకుడి కోసం వచ్చిన సంగతి మరిచిపోయి ఒక్కొక్క పొయ్యి దగ్గరికీ పోయి మంట తగ్గించు, నీళ్లు పొయ్యి అని పెత్తనం మొదలుపెట్టింది. అందరూ వినేవాళ్లే. చివరి పొయ్యి దగ్గర ఒక ముసలాయన మాత్రం, అమ్మకన్నా పెద్దవాడు, మోకు మెడలో వేసుకుని కుండలో అన్నాన్ని కన్నార్పకుండా చూస్తున్నాడు. అమ్మ రెండుసార్లు పిలిచినా పలకలేదు. మూడోసారి ఆమె గరిటె అందుకోబోతే చేత్తో అడ్డం పెట్టాడు.

"నువ్వు జరగవ్వా. మా ఇంట్ల బోనమే మొగోళ్లం వండుతం. గీ అన్నం ఒక లెక్కనా."

అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఏ ఊరని అడిగింది. కథలాపూర్ పక్క ఊరని చెప్పాడు. ఆమె తన తండ్రి పేరు చెప్పింది. ముసలాయన కుండ మీది నుంచి మొదటిసారి చూపు తిప్పి ఆమెను కిందికీ మీదికీ చూశాడు. ఏమీ ఒప్పుకోలేదు, ఏమీ కాదనలేదు. మా బాపు తమ్ముడు, చిన్నబాపు ఒకాయన ఇల్లిడిశి పోయిండు గానీ బొంబాయి పోయిండని మాకు ఎరుక, ఏళ్ల తరబడి అక్కడే దేవులాడి వెతికించినం అన్నాడు. కథ చెప్పే పెద్దమనిషి టెంటులోనే ఉన్నాడు, ఆయన పలకనీ, మా వంశంల మీ బాపు పేరు వస్తే మా మనిషే అని మళ్లీ కుండ వైపు తిరిగాడు.

అలా మా అమ్మ ప్రాణమంతా ఒక మైకు మీదికి చేరింది. ముసలి కథకుడికి కళ్లు సరిగా ఆనవు, గొంతు మాత్రం కంచు. టెంటు గుంజలకు పటం కట్టించి, అందరికీ తెలిసినట్టే, భూమీ ఆకాశమూ పుట్టక ముందు నుంచి ఎత్తుకున్నాడు. మొదటి తాటిచెట్టు మొలిచేదాకా బాగానే వచ్చింది. అప్పుడు పోలీసు జీపు వచ్చింది. ఒక వరుస బండ్లనైనా వదలండని వాళ్లు, వదిలేది లేదని మావాళ్లు. మైకు ఆగింది. గొడవ చల్లారాక కథకుడు గొంతు సవరించుకుని మళ్లీ భూమీ ఆకాశమూ లేని దగ్గర మొదలుపెట్టాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండోసారి తాటిచెట్టు దాటి, కథలాపూర్ వైపు ఇళ్లలోకి దిగాడు. ముసలాయన వాళ్ల ఇల్లు వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్లంతా తల్లిగారిండ్లకు పోయిన రోజున ఎల్లమ్మ ముసలమ్మ వేషంలో వచ్చి ఆకలని అడగడం, ఇంటాయన తన చేత్తో వండి పెట్టడం, ఇక నుంచి నాకు మీ మగవాళ్ల చేతి బోనమే కావాలని దేవత అనడం, అంతా పలికాడు. అమ్మ పక్కన కూర్చున్న నా మోకాలు గట్టిగా పట్టుకుంది. ఇక ముసలాయన తండ్రి తరం రావాలి. అప్పుడే ఒక కాలేజీ కుర్రాడు లేచి, నినాదాల టైమైందని మైకు అందుకోబోయాడు.

మా అమ్మ జనాన్ని దాటుకుంటూ పోయి ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుంది. కోప్పడలేదు, బతిమాలనూ లేదు.

"నీ తెలంగాణ యాడికి పోదు కొడుకా. జర మా బాపును రానియ్."

ఆ మాట మైకులో పడి రోడ్డు మొత్తానికి వినిపించింది. ఎవరో ఈల వేశారు. కుర్రాడు సిగ్గుపడి కూర్చున్నాడు. పోలీసులు కూడా జీపుకు ఆనుకుని నిలబడ్డారు. ముసలి కథకుడు మళ్లీ మొదటికి పోతాడేమోనని, అదొక్కటే భయంతో, నేను ఆయన పెదవులే చూస్తున్నాను. ఆయన ఒక్క ఊపిరి తీసుకుని ముందుకే పోయాడు. ఇంటికి పెద్దకొడుకు ఇతను, రెండోవాడు ఇతను, మూడోవాడు ఇతను అని పలికాడు. తర్వాత మా తాత పేరు పలికాడు. బోనం మాడ్చి, అన్న కొడితే అలిగి, కట్టుబట్టతో పోయిన చిన్నోడు అన్నాడు.

అమ్మ నిలబడ్డ చోటే కూలబడి ఏడ్చింది, నవ్వింది కూడా. పొయ్యి దగ్గర చెమటలు కారుతూ కదలకుండా నిలబడ్డ తండ్రి ఆమెకు ఇన్నేళ్ల తర్వాత అర్థమయ్యాడు. ఆడంగితనం కాదు, అమ్మమ్మ రోగం వల్లా కాదు. రెండోసారి మాడకూడదని ఆయన పట్టుదల, అంతే. ఇంటిని వదిలాడు గానీ వంతును వదల్లేదు.

కుండ దించిన ముసలాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన మా తాతను కొట్టిన పెద్దన్న కొడుకు. అంటే మా అమ్మకు అన్న. పోయినవాడి పేరు ఇంకా కథలో ఎలా ఉందని నేనే అడిగాను, త్యాగం ఇవ్వనివాళ్ల పేరు పలకరు కదా అని. ఆయన అదేం పెద్ద సంగతి కానట్టు చెప్పాడు.

"చిన్నబాపు వంతు త్యాగం మేమే ఇస్తున్నం. మా బాపు సచ్చిపోంగ గదే చెప్పిండు. పేరు పోవద్దు, తమ్ముడు ఎప్పుడన్న అస్తడని."

అమ్మ వాళ్ల అన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎల్లగొట్టారేమో అన్న అనుమానం ఆ రోడ్డు మీదే తీరిపోయింది. ఆ రోజు అన్నం మాడలేదు. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

గృహప్రవేశానికి బస్సులింకా తిరగలేదు. తాత ఇంటివాళ్లు ఒక డీసీఎం వ్యాను మాట్లాడుకుని, ముందు జెండా కట్టుకుని, ఎక్కడ ఆపినా జై తెలంగాణ అంటూ ఊరు ఊరే దిగినట్టు సిరిసిల్లలో దిగారు. ఒక్క అన్న కోసం వెతికితే అన్నలు, తమ్ముళ్లు, వదినెలు, వాళ్ల పిల్లలు వ్యాను నిండా వచ్చారు. మా నాన్న చెప్పించిన భోజనాలు చాలవని అప్పటికప్పుడు ఇంకో గుండిగ ఎక్కించారు. బోనం మాత్రం మేమే వండుతామని అన్నలు పట్టుబట్టి కొత్త ఇంటి వాకిట్లో పొయ్యి పెట్టారు. మా నాన్న వాళ్ల మధ్య కూర్చుని, ఇన్నేళ్లూ నాకు రుచిగా ఎందుకు వండిపెట్టలేదో ఇప్పుడు తెలిసింది, మీ ఇంట్ల గిది మొగోళ్ల పనట కదా అని అమ్మను ఆటపట్టించాడు. అమ్మ పట్టించుకోలేదు. ఆ రోజు ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు.

తర్వాత అమ్మను పీట మీద కూర్చోబెట్టి, కోరుట్ల రోడ్డు మీద దొరికిన అన్న ఒడిబియ్యం పోశాడు. పెద్దమ్మ కొడుకునూ పక్కనే నిలబెట్టి ఆయన చేత కూడా పోయించాలని అమ్మే చెప్పింది. ఇన్నేళ్లు నిలబడ్డవాణ్ణి ఈ రోజు పక్కకు జరపడం ఆమెకు నచ్చలేదు. మా మేనత్త ముందు వరుసలో నిలబడి, ఇంతమంది అన్నలుంటే మా వదినెతో ఇక జాగర్తగా ఉండాలని అందరికీ వినిపించేలా అంది. అమ్మ ఐదు పిడికిళ్లు తీసి అన్న కండువాలో పోసింది. జీవితంలో మొదటిసారి ఆ బియ్యం పోవలసిన ఇంటికే పోయాయి.

అందరూ విస్తళ్ల వైపు లేవబోతుంటే ఆమె లేవలేదు. ముసలి కథకుణ్ణి కూడా వ్యానులో తెచ్చారు, ఆయన ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ను దగ్గరికి పిలిపించి, పటం చుట్టే బట్టను పరవమని చెప్పి, ఒడిలోంచి రెండు చేతుల నిండా బియ్యం తీసి అందులో పోసింది.

"గిది మా బాపు వంతు త్యాగం. ఇగ అన్నలు ఇయ్యద్దు. నేనిస్త."

ఆడపిల్ల త్యాగం ఇవ్వడం ఎక్కడా లేదని ఎవరో గొణిగారు. కథకుడు ఎవరి వైపూ చూడలేదు. బియ్యం మూట కట్టుకుని, త్యాగం తీసుకున్నాను కనుక పలకాలి అని, కూర్చున్న చోటే అందుకున్నాడు. పై నుంచే. భూమీ ఆకాశమూ పుట్టక ముందు నుంచి. పిల్లలు ఆకలని ఏడ్చారు, గుండిగలు చల్లారాయి, నాన్న రెండుసార్లు వచ్చి తొంగి చూసి పోయాడు. ఎవరూ లేవలేదు. చివరికి నలుగురు అన్నదమ్ములు వచ్చారు. చిన్నోడు బోనం మాడ్చి, అలిగి, కట్టుబట్టతో పోయాడు. ఎప్పుడూ అక్కడే ఆగే కథ ఈసారి ఆగలేదు.

"ఆయినెకు ఒక్క బిడ్డ. సిరిసిల్లల ఉంటది. ఇల్లు కట్టుకున్నది," అని పలికి దణ్ణం పెట్టాడు.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకొక్కపారి సదువయ్యా," అంది.

నాన్న వాకిట్లోకి పోయి, అన్నం మళ్లీ వేడి పెట్టమని చెప్పాడు.